టోక్యోలో మా బెన్రిషి ఆఫీసు, తొమ్మిదేళ్ళ తర్వాత: ఆ ప్రశ్నల షీట్ గురించి చెప్పాలి

మాది బాలానగర్‌లో ఆక్సిజన్ పెట్టే పేషెంట్లకి కావాల్సిన సామాన్లు తయారుచేసే చిన్న కంపెనీ, పేటెంట్ల పని మొత్తం నేనే చూస్తాను. జపాన్‌లో మా అప్లికేషన్లు 2016 నుంచి టోక్యోలో తోరానోమోన్ దగ్గరున్న ఒక మధ్యరకం బెన్రిషి (పేటెంట్ అటార్నీ) ఆఫీసే చూస్తోంది, ఇప్పటికి 11 అయ్యాయి. పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇందులో వాళ్ళని మెచ్చుకునేదీ ఉంది, వాళ్ళ చేతిలో జరిగిన ఒక పెద్ద పొరపాటూ ఉంది. ఫీజులెంత, ఎన్ని నెలలు పడుతుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి అవి వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది వాళ్ళు ట్రాన్స్‌లేషన్‌కి ముందు పంపే ఒక ప్రశ్నల షీట్ గురించి. తొమ్మిదేళ్ళలో నాకు వాళ్ళమీద ఏర్పడిన అభిమానం అంతా దానివల్లే.

ముందు ఎంచుకున్న సంగతి రెండు ముక్కల్లో. అప్పట్లో మా ఎండీ గారు మొదట అడిగింది బ్లూ ఎల్ఈడీ కేసు వాదించిన లాయర్ మనకి దొరుకుతారా అని. 2004 జనవరిలో టోక్యో జిల్లా కోర్టు ఇన్వెంటర్ నకమురా షూజీకి ఆయన పనిచేసిన నిచియా కంపెనీ 2,000 కోట్ల యెన్లు కట్టాలంది కదా, మరుసటి ఏడాది సుమారు 84 కోట్ల యెన్లకి రాజీ అయింది, ఆ కేసు. వాదించింది మసునగా హిదెతోషి గారు. అయితే ఆయన బెంగోషి, అంటే కోర్టు లాయర్, అదేమో కనిపెట్టిన మనిషికి కంపెనీ ఎంతివ్వాలన్న వివాదం. మనకి కావాల్సింది అప్లికేషన్ వేసి, దాన్ని పరీక్షించే ప్రభుత్వ ఎగ్జామినర్‌తో మాట్లాడే బెన్రిషి అని సార్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక పూట పట్టింది. ర్యాంకింగుల్లో పైన ఉండే పేర్లు, 1902 నాటి యువాసా అండ్ హారా, 1923 నాటి సుగిమురా, నకమురా అండ్ పార్ట్‌నర్స్, 1990లో మొదలైన టీఎంఐ, ఇవన్నీ చూశాం. వాడలేదు కాబట్టి వాళ్ళ గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. చివరికి ఒక పరిచయస్తుడి మాట మీద ఈ ఆఫీసుకి వెళ్ళాం, మెకానికల్ వైపు బాగా చేస్తారని.

మొదటి అప్లికేషన్ ఇచ్చిన మూడు వారాలకి ఒక ఎక్సెల్ షీట్ వచ్చింది, 34 ప్రశ్నలు. నిజం చెప్పాలంటే చూడగానే చిరాకేసింది, మేం రాసింది ఇంగ్లీషే కదా ఉన్నదున్నట్టు జపనీస్‌లోకి మార్చడానికి ఇన్ని ప్రశ్నలేంటి అని. చదవడం మొదలుపెడితే ఒక్కొక్కటీ సూదిలా ఉంది. 22వ పేరాలో లిడ్ అన్నారు, 41వ పేరాలో క్యాప్ అన్నారు, రెండూ బొమ్మలో 14వ నంబరు భాగమేనా? ఇక్కడ డ్రాప్ అంటే నీటిబొట్టా, ప్రెషర్ తగ్గడమా? మూత చేత్తో బిగిస్తారన్నారు, మరలు ఉన్నట్టా లేనట్టా?

అందులో 19వ ప్రశ్న నేను మర్చిపోలేను. నీళ్ళు 40 మిల్లీలీటర్ల కిందికి పడితే అలారం మోగుతుందని రాశాం. వాళ్ళు అడిగింది, సరిగ్గా 40 ఉన్నప్పుడు మోగుతుందా మోగదా అని. జపనీస్‌లో దీనికి రెండు వేరే మాటలున్నాయట, ఇకా అంటే 40 కూడా కలుస్తుంది, మిమాన్ అంటే 40 కలవదు, రెంటిలో ఏదో ఒకటి తేల్చుకుని రాయాలి. మా ఇన్వెంటర్ గారిని అడిగితే అదేం ప్రశ్నమ్మా 40 అయితే ఏంటి 39 అయితే ఏంటి అన్నారు. సాయంత్రానికి ఆయనే ల్యాబ్ నుంచి ఫోన్ చేసి, "ఏమ్మా, సరిగ్గా 40 దగ్గర ఒకసారి మోగుతోంది ఒకసారి మోగట్లేదు, సెన్సార్ తేలే చోటు కొంచెం మార్చాలి" అన్నారు. అంటే ఒక ట్రాన్స్‌లేటర్ అడిగిన ప్రశ్న వల్ల మా ప్రొడక్ట్‌లో లోపం బయటపడింది. ఆ రోజు నుంచి ఆ షీట్ వస్తే మా ఇన్వెంటర్ గారు స్వయంగా ప్రింట్ తీసుకుని, టీ తెప్పించుకుని, పెన్సిల్‌తో జవాబులు రాసేవారు. నేను కూడా అడిగినవాళ్ళందరికీ అదే చెప్పేదాన్ని, జపాన్‌లో ఫర్మ్ ఎంచుకోవాలంటే ట్రాన్స్‌లేషన్‌కి ముందు ప్రశ్నలు పంపుతారా లేదా చూడండి, పంపితే ఇంక ఏమీ చూడక్కర్లేదు అని.

ఆ చివరి ముక్క ఇప్పుడు అనను. ఎందుకో చెప్తా.

2019లో హ్యుమిడిఫయర్ బాటిల్ (ఆక్సిజన్‌కి తేమ కలిపేది) మీద ఒక అప్లికేషన్ జపాన్‌లో వేశాం. షీట్ వచ్చింది, 21 ప్రశ్నలు, అన్నింటికీ జవాబులిచ్చాం, ట్రాన్స్‌లేషన్ ఫైల్ అయింది. 2021లో రిజెక్షన్ నోటీసు వచ్చింది. మామూలుగా వీళ్ళు నోటీసుతో పాటు ఇంగ్లీషులో కామెంట్ పంపుతారు, ఎగ్జామినర్ ఏమంటున్నాడు, మనం ఏం చెయ్యొచ్చు, గెలిచే అవకాశం ఎంత అని. ఈసారి ఉత్త నోటీసు వచ్చింది, ఒక విషయం సరిచూసుకుంటున్నాం కామెంట్‌కి కొద్ది రోజులు టైమివ్వండి అని ఒక లైను. ఫారిన్ అప్లికెంట్లకి జవాబుకి 3 నెలలుంటుంది కాబట్టి పట్టించుకోలేదు. నాలుగో రోజు వీడియో కాల్ పెట్టమన్నారు. కాల్‌లోకి మా కేసులు చూసే పెద్ద బెన్రిషి, ఆయన పక్కన ట్రాన్స్‌లేషన్ విభాగం ఆవిడ, ఇద్దరూ వచ్చారు. హలో కూడా కాకముందే లేచి నిలబడి వంగి క్షమాపణ చెప్పారు. నాకు ఒక్క క్షణం ఏం జరిగిందో తెలియక గుండె జారింది, గడువు ఏదైనా దాటిపోయిందేమో అనుకున్నా.

జరిగింది ఇది. బాటిల్‌లో నీళ్ళుండే గది ఒకటి, దాంట్లోకి దిగే గొట్టం ఒకటి, ఆ గొట్టం కింది చివర చిన్న వాల్వ్. మా ఇన్వెన్షన్ అంతా ఆ వాల్వ్ గొట్టానికి ఉండటంలోనే ఉంది. జపనీస్ క్లెయిమ్‌లో, అంటే దేనిమీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యంలో, అది గదికి వెళ్ళిపోయింది. కారణం ఒక్క కామా, వాళ్ళ భాషలో తోతెన్ అంటారు. ఇంగ్లీషువాళ్ళకి ఇది అర్థమయ్యేలా చెప్పడం కష్టమేమో గానీ తెలుగువాళ్ళకి ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే మన వాక్యం, జపనీస్ వాక్యం ఒకేలా నడుస్తాయి, వర్ణన అంతా ముందొచ్చి వస్తువు పేరు చివర పడుతుంది. చూడండి:

కింది చివర వాల్వ్ ఉన్న, నీటి గదికి కలిపిన గొట్టం.
కింది చివర వాల్వ్ ఉన్న నీటి గదికి కలిపిన గొట్టం.

మొదటిదాంట్లో వాల్వ్ గొట్టానిది. రెండోదాంట్లో గదిది. అంతే తేడా. అప్లికేషన్‌లో ఇన్వెన్షన్‌ని వివరించే భాగంలోని పేరాలో కూడా అదే వాక్యం కామా లేకుండానే పడింది. ఎగ్జామినర్‌కి దొరికిందేమో గది అడుగున డ్రెయిన్ వాల్వ్ ఉన్న పాత జపాన్ పేటెంట్ ఒకటి. ఆయన రిజెక్ట్ చెయ్యడంలో తప్పేమీ లేదు, ఆయన చదివిన జపనీస్ ప్రకారం మా ఇన్వెన్షన్‌లో కొత్తదనం లేదు మరి.

మా ఇన్వెంటర్ గారు కాల్‌లోనే ఉన్నారు, కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి 21 ప్రశ్నలు అడిగారు కదండీ, ఇది ఎందుకు అడగలేదు?" అన్నారు. దానికి ఆ ట్రాన్స్‌లేషన్ ఆవిడ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. అనుమానం వచ్చిన చోటల్లా అడిగాం, ఇక్కడ మాకు అనుమానం రాలేదు, అర్థమైందనే అనుకున్నాం అన్నారు.

నేను ఆ షీట్‌ని అంత నమ్మడంలో వదిలేసిన సంగతి సరిగ్గా ఇదే. అది ట్రాన్స్‌లేటర్‌కి తెలియదని తెలిసిన చోట్లని పట్టుకుంటుంది, తెలిసిందనుకున్న చోట ఏమీ పట్టుకోదు. ఆ 19వ ప్రశ్న లాంటివి వంద అడిగినా ఈ కామా అందులో ఉండదు.

అయినా నేను వీళ్ళని వదల్లేదు, కారణం కూడా ఆ వీడియో కాలే. మా ఆఫీసులో జపనీస్ చదివేవాళ్ళు అప్పుడు ఒక్కరూ లేరు. ఆ పెద్ద బెన్రిషి తల్చుకుంటే ఎగ్జామినర్ అభ్యంతరానికి తగ్గట్టు క్లెయిమ్ మార్చాలి అని ఒక కామెంట్ రాసి, మార్చి, దానికి బిల్లు కూడా వేసి పంపొచ్చు, మాకు జన్మలో తెలిసేది కాదు. నోటీసు వచ్చాక పాత ట్రాన్స్‌లేషన్‌ని మా ఇంగ్లీషు పక్కన పెట్టుకుని ఆయనే మళ్ళీ చదివి, తప్పు తమదేనని కనిపెట్టి, మాకంటే ముందు తనే చెప్పారు. జపాన్‌లో దీనికి గోయాకు తెయిసేషో అని ఒక పత్రం ఉంది, ఇంగ్లీషులో ఇలా ఉంటే జపనీస్‌లో పొరపాటున ఇలా పడింది అని కారణం చూపించి సరిదిద్దుకోవచ్చు, పీసీటీ (ఒకే అంతర్జాతీయ అప్లికేషన్‌తో చాలా దేశాలకి వెళ్ళే ఒప్పందం) దారిలో వచ్చిన అప్లికేషన్‌కి మన ఒరిజినల్ భాషలో ఉన్నదే ఆధారం కాబట్టి. మామూలు అమెండ్‌మెంట్‌తో కూడా ప్రయత్నించొచ్చేమో అని నేను అడిగితే, బొమ్మ ఒక్కటే ఆధారంగా మిగులుతుంది, రేపు ఎవరైనా చెల్లదని కేసు వేస్తే అక్కడే పట్టుకుంటారు, సూటిగా పోదాం అన్నారు. ప్రభుత్వ పేటెంట్ ఆఫీసుకి కట్టాల్సిన ఫీజు 19,000 యెన్లు వాళ్ళే కట్టారు, ఆ జవాబు మొత్తానికి తమ చార్జీ కూడా తీసుకోలేదు. కోవిడ్ రోజులు కాబట్టి ఎగ్జామినర్‌తో ఫోన్‌లోనే మాట్లాడి ఏది ఎందుకు మారిందో వివరించారు. 2022 మొదట్లో గ్రాంట్ అయింది, వాల్వ్ గొట్టానికే ఉంది. ఇదే గ్రాంట్ అయిపోయాక బయటపడి ఉంటే సరిదిద్దే దారి చాలా ఇరుకు, హక్కు పరిధి పెరిగే మార్పులు అప్పుడు ఒప్పుకోరు.

దాని తర్వాత నేను పద్ధతి మార్చాను. ఇఫ్లూలో (హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ) జపనీస్ చదివిన అమ్మాయి ఒకామె మా డాక్యుమెంటేషన్‌లో చేరింది. ఫైల్ చేసే ముందు మొదటి క్లెయిమ్ జపనీస్ పాఠం పంపమని అడుగుతాం, ఆమె దాన్ని ఇంగ్లీషులోకి కాకుండా తెలుగులోకి మాట వెనక మాట అదే వరసలో రాస్తుంది, ఇన్వెంటర్ గారు చదువుతారు. తెలుగులో చదివితే ఏ వర్ణన దేనికి తగులుతుందో వెంటనే తెలిసిపోతోంది. రెండేళ్ళలో ఇంకో చోట కూడా ఇలాంటిది దొరికింది, చిన్నదే, ఫైలింగ్‌కి ముందే సరిచేశారు. నన్నడిగితే జపాన్‌లో ఫైల్ చేసే తెలుగు కంపెనీలన్నీ ఇది చెయ్యాలి, మన దగ్గర ఉన్న ఈ సౌకర్యం చాలామందికి లేదు.

ఇంకొన్ని సంగతులు. వాళ్ళ కామెంట్లలో "కష్టం" అని ఉంటే అది "లేదు" అనే అర్థం, ఇది తెలియక మొదటి రెండేళ్ళు ఒక కేసులో అనవసరంగా డబ్బు పోశాం. గడువుల విషయంలో వేలెత్తి చూపడానికి లేదు, 2022 ఏప్రిల్ నుంచి మల్టీ మల్టీ క్లెయిమ్స్ (చాలా క్లెయిమ్‌ల మీద ఆధారపడ్డ క్లెయిమ్ మీద మళ్ళీ అలాగే ఆధారపడేవి) ఒప్పుకోరని ముందే చెప్పి మా పెండింగ్ డ్రాఫ్టులన్నీ అడిగి తెప్పించుకుని చూశారు. బిల్లు మాత్రం తక్కువేమీ కాదు, ప్రశ్నలు ఎక్కువైతే ఆ గంటలు కూడా కలుస్తాయి. ఇప్పుడు ఆ పెద్దాయన వారానికి రెండు రోజులే వస్తున్నారు, కేసులు చిన్నాయన చూస్తున్నారు. మంచివాడే, షీట్లు కూడా పంపుతాడు, కాకపోతే ఇప్పుడు ఏడెనిమిది ప్రశ్నలకి మించట్లేదు. మా డ్రాఫ్టింగ్ మెరుగైందో, వాళ్ళు తక్కువ అడుగుతున్నారో నాకింకా తేలలేదు.

అందరికీ ఈ రకం ఆఫీసు సరిపోతుందని అనను. మాది ఏడాదికి ఒకటో రెండో అప్లికేషన్లు, గొట్టాలు వాల్వులు, ఇప్పటిదాకా కోర్టు మెట్లెక్కలేదు. అదే ఫార్మా అయితే లెక్క వేరు, పేటెంట్ గడువు 5 ఏళ్ళ దాకా పొడిగించుకోవడం, జెనరిక్ వివాదాలు ఇవన్నీ ఉంటాయి, అప్పుడు బెంగోషీలు బెన్రిషీలు ఒకే కప్పు కింద ఉన్న పెద్ద ఫర్మ్ చూసుకోవడమే నయం. ఇన్‌ఫ్రింజ్‌మెంట్ దావాలో బెన్రిషి ఒక్కడే వాదించలేడు, అదనపు అర్హత ఉన్నా పక్కన బెంగోషి ఉండాల్సిందే. మాకు అలాంటి రోజు వస్తే నేను కూడా మళ్ళీ ఆ లిస్టు తీస్తాను.

పోయిన నెల చిన్నాయన ఒక మెయిల్ పెట్టారు, ఇకమీద వివరణ భాగం మెషీన్‌తో ట్రాన్స్‌లేట్ చేసి మనిషి సరిచూస్తే రేటు తగ్గుతుంది, మీకు ఇష్టమేనా అని. క్లెయిమ్స్‌కి మాత్రం వద్దని వెంటనే రాసేశాను. వివరణ సంగతి అడిగితే ఇన్వెంటర్ గారు, మెషీన్ చేస్తే ఆ షీట్ వస్తుందా రాదా కనుక్కో అమ్మా అన్నారు. అడిగాను, జవాబు ఇంకా రాలేదు.