మిషను కుట్టు అమ్మజూపిన రిసార్టు, చేతికుట్టు నేర్పిన అరుగు: మా యల్లాపుర ప్రయాణం

మిషను మీద కుట్టిన దుప్పటిని చేతికుట్టు బొంత అని చెప్పి 6,800 రూపాయలకు మాకు అంటగట్టబోయారు ఒకచోట. అక్కడికి రెండు గంటల దూరంలో, ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని సూది చేతికిచ్చారు. ఆ రిసార్టుకు మరెవరూ డబ్బు తగలెయ్యకూడదని, అలాంటి అరుగుల దగ్గరికి ఇంకా నలుగురు వెళ్ళాలని ఇదంతా రాస్తున్నాను.

ముందు మా సంగతి. గుంటూరులో కొంతమంది ఆడవాళ్ళం శనివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరింట్లో చేరి బొంతలు కుట్టుకుంటాం. పాత చీరలు, జాకెట్టు ముక్కలు, పిల్లలకు పొట్టయిపోయిన గౌన్లు, అన్నీ పనికొస్తాయి. ఎవరి బొంత ఎంతదాకా వచ్చిందో, ఎవరింట్లో పెళ్ళి సంబంధం ఎక్కడ ఆగిందో అన్నీ అక్కడే తెలుస్తాయి. మా అందరిలోకీ చెయ్యి తిరిగినావిడ మా పెద్దమ్మ. నరసరావుపేట దగ్గర పల్లెలో పుట్టి, బొంతలు కుడుతూనే పెరిగింది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతివాళ్ళయిన సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవండి అనే అతుకుల బొంతల ఫొటోలు చూపించిన దగ్గర్నుంచి ఆవిడకు ఒకటే అనుమానం. "వాళ్ళు మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట లోపలికి కుట్టుకొస్తారా? మధ్యలోకి వచ్చేసరికి గుడ్డంతా ఉబ్బిపోదుటే?" ఆవిడ పద్ధతిలో ముందు మధ్యలో టాకాలు వేసి, గుడ్డ సాపు చేసుకుంటూ అంచులకు వెళ్ళాలి. ఆ అనుమానం తీరాలంటే వెళ్ళి చూడాల్సిందేనని పెద్దమ్మ, వదిన, నేను బయల్దేరాం.

అమరావతి ఎక్స్‌ప్రెస్ రాత్రి గుంటూరులో ఎక్కితే మర్నాడు పొద్దునకు హుబ్బళ్ళి. ప్రయాణం హాయిగా సాగింది. హుబ్బళ్ళి స్టేషన్లో మాత్రం ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం ఉంది, 1,507 మీటర్లు, 2023 మార్చిలో ప్రారంభించారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. సామాను పోర్టరుకిచ్చి (200 తీసుకున్నాడు) పెద్దమ్మను మెల్లగా నడిపించుకొచ్చేసరికి ఆవిడ మొహం ముడుచుకుపోయింది. బయట టాక్సీ కిలోమీటరుకు 13, రోజుకు 250 కిలోమీటర్ల మినిమం, డ్రైవర్ బత్తా 300. అంటే రోజుకు 3,550. తిరిగినా తిరక్కపోయినా అంతే. డ్రైవర్ మంచివాడు దొరికాడు. కన్నడ, హిందీ, కాస్త కొంకణి వచ్చు, అడ్డదిడ్డంగా తెలుగు కూడా. ఈ ప్రయాణంలో మేం పెట్టిన డబ్బులో దేనికి పూర్తిగా ఫలితం దక్కిందంటే ఆ కుర్రాడికిచ్చినదానికే.

ఇక రిసార్టు. దాండేలి వైపు అడవిలో ఉంది. వదిన ఫోన్లో మాట్లాడి బుక్ చేసింది. మనిషికి 3,600, ముగ్గురికి 10,800, సగం అడ్వాన్సు. గది, మూడు పూటలా భోజనం, నదిలో పడవ, "సిద్దీ గ్రామ సందర్శన, బొంతల వర్క్‌షాప్" అన్నీ అందులోనే అని వాట్సాప్‌లో రాసి పంపారు. వెళ్ళాక గది గోడలకు చెమ్మ, కప్పుకునే దుప్పటి ముక్కవాసన. వేణ్ణీళ్ళు పొద్దున ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకానే, అదీ బకెట్టు లెక్కన. తిండి గురించి ఏమీ చెప్పను, చల్లారిన పూరీలు గుర్తుచేసుకోవడం ఇష్టం లేదు.

ఇవన్నీ సర్దుకుపోయేవాళ్ళమే. సాయంత్రం గ్రామ సందర్శన అని రిసార్టు వెనకున్న రేకుల షెడ్డుకు తీసుకెళ్ళారు. గోడలకు ఎర్రమట్టి పూసి తెల్ల బొమ్మలు గీశారు. అదే గ్రామమట. స్పీకర్లో డప్పుల మోత పెట్టి, ఇద్దరు సిద్దీ కుర్రాళ్ళకు ఆకులు, ఈకలు కట్టి గంతులేయించారు. ఆకుల కింద జీన్స్ ప్యాంట్లు కనిపిస్తూనే ఉన్నాయి. తర్వాత పక్కకు పిలిచి అడిగితే ఒకబ్బాయి హలియాల్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నానని చెప్పాడు. "మీ ఊళ్ళో ఇలాగే ఆడతారా బాబూ?" అని వదిన అడిగితే తల దించుకున్నాడు. చదువుకుంటున్న పిల్లాడికి ఈకలు కట్టించి, దాన్ని వాళ్ళ సంస్కృతి అని టిక్కెట్టు పెట్టి చూపించడం చూసి నాకు కడుపు రగిలిపోయింది.

ఆ షెడ్డులోనే ఓ మూల బొంతలు అమ్మకానికి పెట్టారు. వర్క్‌షాప్ అంటే అంతే, వెళ్ళి కొనుక్కోవడం. ఒక్కోటి 6,800. పెద్దమ్మ ఒకటి తీసుకుని పైరంగులు చూడనేలేదు. వెనక్కి తిప్పింది. కళ్ళజోడు సర్దుకుని వెలుతురులోకి పట్టుకుంది. బొటనవేలితో కుట్టు వెంట రాసుకుంటూ పోయింది. తర్వాత రెండు చేతుల్తో నలిపి చెవి దగ్గర పెట్టుకుంది. "ఇది మిషను కుట్టు బాబూ. కుట్లన్నీ ఒకే కొలత, కింద బాబిన్ దారం వేరే రంగులో కనిపిస్తూనే ఉంది. లోపల పాత గుడ్డ కాదు, పాలిస్టర్ దూది" అంది. మేనేజరు కాసేపు హ్యాండ్‌మేడ్ అన్నాడు, కాసేపు ఇప్పుడు వాళ్ళు కూడా మిషన్లే వాడుతున్నారన్నాడు. అది శుద్ధ అబద్ధమని మర్నాడే తేలింది.

బిల్లులో గ్రామ సందర్శనకు మనిషికి 750 చొప్పున 2,250 అదనంగా వేశారు. ప్యాకేజీలోనే ఉంది కదా అని వాట్సాప్ మెసేజి చూపిస్తే, ప్యాకేజీలో ఉన్నది 'సందర్శన', డ్యాన్సుకు వేరే అన్నారు. అది చాలక ప్యాకేజీ 10,800 మీద పది శాతం సర్వీస్ ఛార్జి, 1,080. అక్కడ వదిన ఊరుకోలేదు. హోటళ్ళు సర్వీస్ ఛార్జిని వాటంతట అవే బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. వదినకు ఇదంతా నోటికి వచ్చు. వినియోగదారుల ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఫోన్లో నొక్కి చూపించేసరికి ఆ 1,080 కొట్టేశారు. 2,250 మాత్రం ఇవ్వలేదు, రశీదు అడిగితే ప్రింటరు పాడయిందన్నారు. మీకు ఎక్కడైనా ఇలా జరిగితే 1915కు చెయ్యండి, నోరు మూసుకుని కట్టి రావద్దు. కారెక్కాక వదిన యల్లాపుర దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

యల్లాపురలో మామూలు లాడ్జి, గది 900. దుప్పట్లు ఉతికినవి, వేణ్ణీళ్ళు కుళాయిలో ఎప్పుడు తిప్పితే అప్పుడు. పొద్దున టిఫిన్‌కు తెళ్ళేవు అనే పల్చటి దోసె పెట్టారు, పక్కన చిన్న గిన్నెలో జోని బెల్లం. పాకంగా జారే బెల్లం అది, పైన నెయ్యి చుక్క. ప్లేటు 60. పెద్దమ్మ దోసె మీద దోసె వేయించుకుంది. హుబ్బళ్ళి ప్లాట్‌ఫాం మీద ముడుచుకున్న మొహం అక్కడ విచ్చుకుంది. మాగోడు, సాతోడి జలపాతాలు చూశాం, బాగున్నాయి, నీళ్ళు కావాలంటే వానలు తగ్గగానే వెళ్ళాలి.

మేం వెళ్ళిన సిద్దీల ఊరి పేరు రాయడం లేదు. డ్రైవర్‌కు తెలిసినవాళ్ళ ద్వారా ముందురోజే కబురు పెట్టి, వాళ్ళు రమ్మన్నాకే వెళ్ళాం. అడగకుండా కార్లు దిగి ఇళ్ళ ముందు ఫొటోలు తీసే జనం వాళ్ళకు ఇప్పటికే విసుగైపోయారు. పోకతోటల్లో కూలిపని ముగించుకుని మధ్యాహ్నం మూడు దాటాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే చంకన బొంత పెట్టుకుని ఆ అరుగు మీదికి చేరారు. మా శనివారాలు ఇట్టే గుర్తొచ్చాయి. ఒకావిడ కూతురు నర్సింగ్ చదువుతోంది, ఇంకొకావిడ ఇంట్లో కోతులు కుండలో పప్పు తినేశాయి. వాళ్ళ కబుర్లు డ్రైవర్ హిందీలో చెప్తుంటే నేను పెద్దమ్మకు తెలుగులో చెప్పాను. కాసేపటికి ఇద్దరం అక్కర్లేకపోయాం. వాళ్ళు ఆవిణ్ణి 'అక్కా' అంటున్నారు, ఆవిడ తెలుగులోనే జవాబిస్తోంది.

పోర్చుగీసువాళ్ళు గోవాకు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి ఈ సిద్దీలు. తప్పించుకుని పశ్చిమ కనుమల అడవుల్లోకి వచ్చి యల్లాపుర, హలియాల్, ముండగోడ, అంకోలా వైపు స్థిరపడ్డారు. హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు అందరూ ఉన్నారు. 2003లో షెడ్యూల్డు తెగల హోదా వచ్చింది. 2020లో శాంతారామ్ సిద్దీ కర్ణాటక శాసనమండలి సభ్యుడయ్యారు. మన హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఉన్న సిద్దీలు నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ సంతతి. పెళ్ళిళ్ళలో వాళ్ళు వాయించే మర్ఫా డప్పులు వింటూ కూడా ఈ చుట్టరికం మనలో చాలామందికి తెలియదు. ఈ బొంతల గురించి బయటి ప్రపంచానికి తెలియడానికి ఒక కారణం అమెరికా కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్. ఆయన, సారా ఖాన్ కలిసి 2004లో ఇక్కడి ఆడవాళ్ళతో ఒక క్విల్టింగ్ సహకార సంఘం మొదలుపెట్టించారు.

ఇక పెద్దమ్మ అనుమానం. అడుగున ఒక పాత చీర పరిచి, ఓ పెద్దావిడ మూల నుంచి మొదలుపెట్టింది. ముక్కలు ముందే కలిపి కుట్టి ఉంచలేదు. పక్కన గుట్టలోంచి ఒక ముక్క తీస్తుంది, అంచును బొటనవేలితో లోపలికి మడుస్తుంది, కుడుతుంది, అది పూర్తవుతుండగా ఇంకో ముక్క. నాలుగు అంచులూ తిరిగొచ్చి, రెండో చుట్టు మొదటి కుట్టుకు వేలెడు ఎడంగా లోపలికి. జానెడు కుట్టగానే ఆగి, అరచేత్తో గుడ్డను గట్టిగా తోస్తుంది. ఎక్కడైనా గుడ్డ మిగిలితే తర్వాతి ముక్క మడతలోకి సర్దేస్తుంది. చివరి కుట్టు సరిగ్గా మధ్యలో పడాలి. పెద్దమ్మ కళ్ళార్పకుండా చూసి, "ఓసి, ముక్కలు విడిగా ఉంచుకుంటారన్నమాట! అదీ సంగతి. ఇంకెక్కడ ఉబ్బుతుంది?" అని నా భుజం మీద ఒకటి వేసింది.

తన సంచిలోంచి సగం కుట్టిన బొంత తీసి వాళ్ళకిచ్చింది. వాళ్ళు చేసిన మొదటి పని దాన్ని వెనక్కి తిప్పడం. కుట్టు వెంట వేళ్ళు పోనిచ్చి, చేతులు మార్చుకుంటూ అరుగంతా తిప్పారు. అందరికీ నచ్చింది. కానీ మూలలు చూసి పెద్దావిడ నాలుక చప్పరించింది. మూలల్లో పువ్వులు లేవట. నాలుగు మూలలా మడిచి కుట్టే ముక్కోణపు ముక్కల్ని వాళ్ళు అలా పిలుస్తారు. అవి లేకపోతే బొంతకు బట్టలు లేనట్టే లెక్క. గుట్టలోంచి ఎర్ర ముక్క ఒకటి వెతికి, రెండుసార్లు మడిచి, పెద్దమ్మ బొంతకు ఒక మూల తనే కుట్టిపెట్టింది. మిగతా మూడూ పెద్దమ్మతో కుట్టించింది. ఒకటి వంకరొచ్చిందని విప్పించింది కూడా. మా శనివారాల్లో అందరి కుట్లూ విప్పించే మా పెద్దమ్మ, కిక్కురుమనకుండా విప్పి మళ్ళీ కుట్టింది.

పొద్దుగూకే వేళకు అన్నం, కోకం చారు, వేయించిన ఎండుచేపలు పెట్టారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. కొన్నవాటికి మాత్రం ధర చెప్పారు. పసిపిల్లల బొంత 1,600, మంచం సైజుది 4,200. వదిన అలవాటు కొద్దీ "3,500కు..." అనబోతే పెద్దమ్మ చెయ్యి నొక్కింది. లెక్క మీరే వేసుకోండి. రోజుకు రెండు గంటలు కూర్చున్నా నెల పట్టిందని ఆ మంచం సైజు బొంత కుట్టినావిడ చెప్పింది. 60 గంటలకు 4,200 అంటే గంటకు 70 రూపాయలు. అక్కడ బేరమాడకండి. బేరమాడాలనిపిస్తే ఆ రిసార్టులాంటి చోట బిల్లు మీద ఆడండి.

వెళ్ళాలనుకునేవాళ్ళు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి, దారి బాగుంటుంది, చలికి బొంత విలువా తెలుస్తుంది. దాండేలిలో కాకుండా యల్లాపురలో దిగండి. "గ్రామ సందర్శన" అని ఎవరు అమ్మినా కొనకండి. చాక్లెట్లు పట్టుకెళ్ళకండి, గట్టి నూలుదారం ఉండలు, మంచి సూదులు, ఉతికిన పాత నూలు చీరలు పట్టుకెళ్ళండి. వాళ్ళు అడిగినవి అవే. మా శనివారం వాళ్ళంతా కలిసి ఇప్పటికి రెండు సంచులు నింపారు. వదిన ఈసారి అదే లాడ్జికి ఫోన్ చేసి, గదులు చెప్పి, 900 మాటను మెసేజిలో రాయించుకుంది.