కొబ్బరితోటలో ఆరేళ్ల వెదర్ స్టేషన్: ఉరుముల కోసం కొన్నవాడి అనుభవం

రోజూ ఎండ ఎంత కాసిందో తెలుసుకుందామని నేను ఈ వెదర్ స్టేషన్ కొనలేదు. ఉరుముల కోసం కొన్నాను. చిన్నప్పుడు ఉరిమితే ఇంట్లో అందరూ లోపలికి పోయేవారు, నేను అరుగు మీదకి వచ్చేవాణ్ణి. మా నాయనమ్మ "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అనుకుంటూ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లేది. నలభై దాటినా ఆ ఇష్టం అలాగే ఉంది. పడమటి వాయవ్యంలో మబ్బు గోడ కట్టిందంటే ఇప్పటికీ అన్నం తినబుద్ధి కాదు.

2019 ఏప్రిల్‌లో రూ.14,500 పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించాను. కోనసీమలో అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోటలో, డాబా మీద ఇనుప పైపుకి బిగించి ఉంది. వేడి, తేమ, గాలి వేగం, గాలి దిక్కు, వాన, పీడనం చూపిస్తుంది. మెరుపుల సెన్సార్ విడిగా కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. మా మిత్రుల ఇళ్లల్లో ఉన్న వేరే కంపెనీలవీ చూశాను, మంచీ చెడూ దాదాపు ఇలాగే ఉన్నాయి.

దీనిలో నాకు ప్రాణం పీడనం గీత. తుఫానుకి పీడనం దిగుతుందని మన వైపు అందరికీ తెలుసు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, ఆ రోజు పొద్దున్నుంచీ మా ఇంట్లో గీత దిగుతూనే ఉంది. వేసవి ఉరుముల వాన అలా కాదు. చినుకు పడకముందే పీడనం ఒక్కసారి పైకి లేస్తుంది. పైన వానతో చల్లబడ్డ గాలి బరువెక్కి కిందకి జారుతుంది. నేల తాకి నాలుగు వైపులా పరుచుకుంటూ వానకంటే ముందు మన ఇంటికి వచ్చేస్తుంది. ఈదురుగాలి అని మనం అనేది దాన్నే. ఆ రాకను గీతలో మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

2024 మే మొదటి వారం సంగతి చెబుతాను. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయి రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసి ఉంది. సాయంత్రం 4:10కి 38.4 డిగ్రీలు, ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి. ఫోన్‌లో మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ తెరిస్తే రావులపాలెం మీద గట్టి వాన మబ్బుని చూపే ఎర్రటి మచ్చ ఉంది, మా వైపే జరుగుతోంది. పక్క చేను బాబాయి ఫోన్ చేశాడు.

"ఏరా అబ్బాయ్, బరకాలు కప్పెయ్యమంటావా, ఇంకాసేపు ఎండనిమ్మంటావా?"

"కప్పెయ్యండి బాబాయ్, అరగంట కూడా లేదు."

4:22కి సముద్రపు గాలి ఆగిపోయింది. కొబ్బరాకు కదలడం లేదు. కొంగలు వరసగా కాలవ గట్టు మీది తుమ్మచెట్లకి చేరిపోతున్నాయి. 4:26 నుంచి పీడనం లేవడం మొదలెట్టి ఎనిమిది నిమిషాల్లో 2.1 హెక్టోపాస్కల్ పెరిగింది. అంతలోనే వాయవ్యం నుంచి చల్లగాలి తోసుకొచ్చింది. దిక్కు చూపే ముల్లు గిర్రున తిరిగి ఎదురు వైపుకి వెళ్లిపోయింది. ముందు మబ్బు అడుగున దూలంలాంటి బూడిదరంగు చారలు, వాటి వెనక ఒకటే నలుపు. 4:38కి చినుకు. 4:40కి 25.6 డిగ్రీలు. అరగంటలో దాదాపు పదమూడు డిగ్రీలు పడిపోయింది! బాబాయి గింజ తడవలేదు.

ఇదంతా కనిపించాలంటే ఒక సెట్టింగ్ మార్చాలి. డబ్బాలోంచి తీసినప్పుడు ఇది అయిదు నిమిషాలకోసారి రికార్డు చేస్తుంది. దాన్ని ఒక నిమిషానికి పెట్టుకోండి. లేకపోతే ఈదురుగాలి రెండు చుక్కల మధ్య జారిపోతుంది. నేను మొదటి వేసవంతా అలా పోగొట్టుకున్నాను.

మెరుపుల సెన్సార్ గురించి మాత్రం మంచి మాట చెప్పలేను. 40 కిలోమీటర్ల దాకా మెరుపును పట్టి దూరం చెబుతుందని డబ్బా మీద రాసి ఉంది. నిజమే, పడుతుంది. కానీ మెరుపు పుట్టించే రేడియో తరంగాన్నీ, మోటారు స్టార్టయినప్పుడు వచ్చే గోలనీ వేరు చేసుకోలేదు. మా తోట వెనక రొయ్యల చెరువులున్నాయి. వాటి నీళ్లకి గాలి పట్టించే మోటార్లు, ఏరేటర్లు, వేసిన ప్రతిసారీ, నిర్మలమైన ఆకాశంలో, "12 కిలోమీటర్ల దూరంలో మెరుపు" అంటుంది. ఇన్వర్టర్ పక్కన పెడితే ఇంకా ఘోరం. కరెంటు పోయిన రాత్రుల్లో మాత్రం చక్కగా పనిచేస్తుంది. దానికంటే మా నాన్నగారి పాత రేడియోయే నయం. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి వదిలితే, మెరుపు మెరిసినప్పుడల్లా టపటపమని చిటపటలు వినిపిస్తాయి. మబ్బు దగ్గరపడేకొద్దీ అవి చిక్కబడతాయి. పుణె వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు చేసిన దామిని యాప్‌లో చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలో పడ్డ పిడుగులు కనిపిస్తాయి. అది ఉచితం.

వాన కొలిచే బకెట్ మామూలు చినుకులకి బాగానే ఉంది. కుండపోతలో తక్కువ చూపిస్తుంది. లోపలి చిన్న తక్కెడ ఒక పక్కకి ఒరిగేలోపు పడ్డ నీళ్లు లెక్కలోకి రావు. ఆ మే సాయంత్రం అది 34 మిల్లీమీటర్లంటే, పక్కనే పెట్టిన గాజు వర్షమాపకంలో 41 ఉంది. వాతావరణ శాఖ లెక్క లాగే నేనూ పొద్దున్న 8:30కి గాజుదాన్ని చూసి నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ నోటుబుక్కు అంకెనే నమ్ముతాను.

మన నేల మీద దీన్ని నిలబెట్టడం పెద్ద పని. ఉప్పుగాలికి రెండో ఏడే గాలి వేగం కొలిచే పంకా బేరింగు పట్టేసింది. మార్చాక మూడు నెలలకోసారి కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తున్నాను. కంపెనీ ఇచ్చిన మేకులు తుప్పుపట్టి ఊడాయి, స్టీలువి వేశాను. కొబ్బరి పూత రాలి గరాటు మూసుకుపోతుంది. బకెట్‌లో చీమలు గూడు పెడతాయి, వేడి, తేమ సెన్సార్లకి ఎండ తగలకుండా పెట్టిన తెల్ల గొడుగుల మధ్య కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. నెలకోసారి బ్రష్ పట్టుకుని ఎక్కాల్సిందే. నాలుగో ఏడు తేమ సెన్సార్ 99 దగ్గర ఇరుక్కుపోయింది. వేరేది కొనడానికి రూ.1,800 అయింది. చెట్ల మధ్య ఉంది కాబట్టి గాలి వేగం అసలు కంటే తక్కువే చూపిస్తుంది. పది మీటర్ల ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉంటేనే సరైన అంకె. మాకది కుదిరే పని కాదు.

ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. 2021 జూన్‌లో, మృగశిర కార్తె వచ్చిన కొత్తలో, ఉరుము దూరంగానే ఉందని డాబా మీద నిలబడి చూస్తున్నాను. ఒక్కసారి తెల్లగా కళ్లు కమ్మేశాయి, ఆ వెంటనే ఫెళ్లుమంది. నలభై గజాల్లో ఉన్న చెట్టు మీద పడింది పిడుగు. మొవ్వులోంచి పొగ. కాండం పొడుగునా చీలిక పడి జిగురు కారింది. నెల తిరక్కుండా ఆకులన్నీ వేలాడిపోయి చెట్టు చచ్చిపోయింది. అప్పటి నుంచి మొదటి ఉరుము వినగానే డాబా దిగిపోతున్నాను. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎక్కను. ఉరుము వినపడుతోందంటేనే పిడుగు పడగల దూరంలో ఉన్నాం. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి ఒక కిలోమీటరు లెక్కపెట్టడం కిటికీ లోపలి నుంచి కూడా కుదురుతుంది. ఆ ఇనుప పైపుని వాన రోజుల్లో ముట్టుకోవద్దని పిల్లలకి కూడా గట్టిగా చెప్పాను.

ధాన్యం కాపాడుకోవడానికే అయితే ఇది కొనక్కర్లేదు, రాడార్ బొమ్మ, దామిని చాలు. మబ్బంటే ప్రాణమైతే కొనండి. మెరుపుల సెన్సార్ మానేసి, ఆ డబ్బుతో ఒక గాజు వర్షమాపకం, రెండు బేరింగులు తెచ్చి పెట్టుకోండి.