15 మంది, 23 పోటీలు: సైన్స్ ఒలింపియాడ్ జట్టుపై ఒక తాతగారి సమీక్ష

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు కోశానో తర్వాత చెబుతాను. ముందు ఇది ఏ ఒలింపియాడో తేల్చుకుందాం. మన దగ్గర ఒలింపియాడ్ అనగానే కార్పొరేట్ పాఠశాలల బోర్డుల మీద ఐఐటీ పక్కన కనిపించే మాటే గుర్తుకొస్తుంది. పిల్లలు ఎవరికి వారు కూర్చుని ఓఎంఆర్ షీటులో సున్నాలు నింపే పరీక్ష అది. నేను రాస్తున్నది అమెరికాలో పాఠశాలలు జట్లుగా తలపడే సైన్స్ ఒలింపియాడ్ గురించి. లాభాపేక్ష లేని ఒక సంస్థ 1984 నుంచి దీన్ని నడుపుతోంది. తొలి జాతీయ పోటీ 1985లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగింది.

నేను రోడ్లు భవనాల శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవరాలు తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టగానే జట్టుకు పేరు ఇచ్చింది. కారు నడిపే పని అల్లుడిది, పులిహోర డబ్బాలు మోసే పని నాది. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా చూసినవాడిగానే రాస్తున్నాను.

చేరాలనుకునేవాళ్లు ముందుగా ఒక లెక్క అర్థం చేసుకోవాలి. హైస్కూలు విభాగాన్ని సి డివిజన్ అంటారు. 9 నుంచి 12 తరగతుల వాళ్లు అర్హులు. జట్టులో 15 మందికి మించకూడదు. అంశాలు 23. చాలావాటికి ఇద్దరు, కొన్నింటికి ముగ్గురు కూర్చోవాలి. అంటే 46కు పైగా స్థానాలను 15 మందితో నింపాలి, తలకు మూడో నాలుగో అంశాలు పడతాయి. పైగా ఒకే సమయంలో జరిగే రెండు అంశాలకు ఒకే మనిషిని పంపలేరు. కోచ్ చేతిలో ఉండేది ఈ పట్టిక. అందులో ఖాళీగా ఉన్న గడికి ఎవరు సరిపోతారా అని చూస్తాడు తప్ప, తరగతిలో మొదటి ర్యాంకు ఎవరిదని చూడడు. "మా వాడికి బయాలజీలో నూటికి తొంభై ఎనిమిది, అయినా తీసుకోలేదు" అని గుడి దగ్గర ఒక పెద్దమనిషి నాతో వాపోయాడు. ఆయనకు ఈ పట్టిక గురించి ఎవరూ చెప్పినట్టు లేదు.

మార్కుల పద్ధతి కూడా అటువంటిదే. ఒక అంశంలో మొదటి స్థానానికి ఒక పాయింటు, పదో స్థానానికి పది పాయింట్లు. అన్నీ కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లది గెలుపు. నలుగురు మేధావులు నాలుగు పతకాలు తెచ్చినా, మిగతావాళ్లు ముప్పయ్యో స్థానంలో ఉంటే జట్టు మునిగినట్టే.

ఎంపిక పరీక్షలు సెప్టెంబరు చివర్లో పెట్టారు. ఇష్టమైన అంశాలు రాసి ఇమ్మంటే, మనవాళ్ల పిల్లలు దాదాపు అందరూ అనాటమీ అండ్ ఫిజియాలజీకి వరుస కట్టారు. ఇంటికొక డాక్టరు కావాలి కదా! శిలాజాలు, కర్రలతో కట్టే టవర్ లాంటివాటి దగ్గర మాత్రం పెద్దగా రద్దీ లేదు. మా మనవరాలు టవర్‌ను మొదటి కోరికగా రాసింది, చోటు దొరికింది. దానితో పాటు డిసీజ్ డిటెక్టివ్స్, రైట్ ఇట్ డు ఇట్ కూడా వచ్చాయి. తొమ్మిదో తరగతి వాళ్లకు ఇంకో ధైర్యం చెబుతాను. 12వ తరగతి వాళ్లు జట్టులో ఏడుగురికి మించకూడదన్నది నిబంధన. నిండు జట్టులో కనీసం ఎనిమిది చోట్లు కింది తరగతుల వాళ్లకు దక్కాల్సిందే.

ఈ ఎంపిక పరీక్షల కోసం ప్రత్యేకంగా కోచింగ్ సెంటర్లు ఉన్నాయని తెలిసి నవ్వొచ్చింది. మనం ఎక్కడికి వెళితే అవి అక్కడికి వస్తాయి. మనవరాలి స్నేహితురాలు ఒకచోట చేరి, వాళ్లిచ్చిన స్పైరల్ పుస్తకం మా ఇంటికి తెచ్చింది. తిరగేశాను. అందులో చాలా వరకు పాత పోటీల ప్రశ్నపత్రాలే. అవే పత్రాలు విద్యార్థులు నడుపుకునే సైఓలీ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రతి అంశానికీ వివరణ పేజీలు కూడా ఉంటాయి. ఆ సెంటరు పేరు ఇక్కడ రాయను. ఏడాది పొడవునా కర్రలకు, జిగురుకు, తూకం యంత్రానికి, క్లబ్బు రుసుముకు మేము పెట్టిన ఖర్చంతా కలిపినా వాళ్ల ఫీజులో నాలుగో వంతు కాలేదు.

ఇక టవర్ సంగతి. బాల్సా కర్రలతో, వీలైనంత తేలికగా ఒక బురుజు కట్టాలి. దాని నడినెత్తిన ఒక దిమ్మ పెట్టి, గొలుసుకు బకెట్టు వేలాడదీసి, అందులో ఇసుక పోస్తారు. గరిష్ఠ బరువు 15 కిలోలు. మోసిన బరువును టవర్ సొంత బరువుతో భాగిస్తే వచ్చేదే స్కోరు. వినగానే నాలో ఇంజనీరు లేచి కూర్చున్నాడు. అప్పుడు మనవరాలు నిబంధనల పుస్తకం తెరిచి చూపించింది. పరికరాన్ని జట్టు సభ్యులే కట్టాలి, వాళ్లే అప్పగించాలి, వాళ్లే నడపాలి. బయటివాళ్ల చెయ్యి పడకూడదు.

"తాతయ్యా, మీరు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకోండి" అంది.

నాలుగో నక్షత్రం ఈ ఒక్క నిబంధనకే ఇచ్చాను. మన దగ్గర సైన్స్ ఎగ్జిబిషన్ అంటే ముందు రోజు రాత్రి నాన్న థర్మోకోల్ కోస్తాడు, అమ్మ రంగులు వేస్తుంది, పిల్లవాడు నిద్రపోతాడు. పొద్దున్నే బహుమతి మాత్రం పిల్లవాడికి. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. సిద్ధాంతం నేర్పడానికి అభ్యంతరం లేదు కాబట్టి ఒక పాత కవరు వెనక బొమ్మ గీసి ఆయిలర్ సూత్రం చెప్పాను. సన్నటి నిలువు కాలు నలిగి విరగదు, వంగి విరుగుతుంది. సగం ఎత్తులో పక్కకు కదలకుండా కట్టు వేస్తే, వంగకుండా మోయగల బరువు నాలుగు రెట్లవుతుంది. నమ్మలేదు. చీపురు పుల్ల ఒకటి తెచ్చి, వంటింటి కాటా మీద నిలబెట్టి, పైనుంచి వేలితో నొక్కింది. పుల్ల విల్లులా వంగింది. రెండోసారి నడిమి భాగాన్ని రెండు వేళ్ల మధ్య ఒడిసి పట్టుకోమని స్నేహితురాలికి చెప్పి మళ్లీ నొక్కింది. కాటా మీద అంకె చూసి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కళాశాలలో నేను ఈ సూత్రాన్ని బట్టీ పట్టి పరీక్ష రాశాను. చీపురు పుల్లతో చూడవచ్చని మాకెవరూ చెప్పలేదు.

కర్రలు ఎంచుకోవడం ఇంకో విద్య. ఒకే కట్టలోని కర్రలు, అన్నీ 36 అంగుళాల పొడవు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం. తూచి చూస్తే ఒకటి 1.1 గ్రాములు, ఇంకొకటి 1.8. చెట్టులో ఏ భాగం నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి బాల్సా సాంద్రత అంతగా మారుతుంది. మనవరాలు ప్రతి కర్ర చివర పెన్సిలుతో బరువు రాసి, బరువైనవాటిని కాళ్లకు, తేలికైనవాటిని అడ్డకట్లకు వేరు చేసింది. గాలిలో తేమ పెరిగితే కట్టిన టవర్ కూడా బరువెక్కుతుంది. అందుకని ఇంట్లోని చెప్పుల పెట్టెల్లో, మాత్రల సీసాల్లో ఉన్న సిలికా జెల్ పొట్లాలన్నీ ఏరి, మూత ఉన్న డబ్బాలో టవర్‌తో పాటు పడేసింది. నా బీపీ మాత్రల సీసాను కూడా వదల్లేదు.

మొదటి టవర్ 19 గ్రాములు తూగింది. ఆరు కిలోలు పడకముందే కూలింది. అతుకుల దగ్గర జిగురు గడ్డలు కట్టి ఉంది. అవసరానికి మించి పూసిన జిగురు బలం పెంచదు, బరువు పెంచుతుంది. అక్కడి నుంచి ప్రతి పరీక్షనూ ఫోనులో స్లో మోషన్‌లో తీసి, ఏ అతుకు ముందు ఊడిందో చూసుకుంటూ మార్చుకుంటూ పోయారు. సంక్రాంతి దాటేసరికి తొమ్మిది గ్రాములకు దిగారు.

ఈ స్కోరు లెక్క నా లాంటివాడికి జీర్ణం కావడానికి సమయం పట్టింది. 16 గ్రాముల టవర్ 15 కిలోలూ మోసి నిటారుగా నిలబడితే బోనసుల సంగతి పక్కన పెట్టి 937 వస్తుంది. తొమ్మిది గ్రాములది పదకొండున్నర కిలోల దగ్గర కుప్పకూలినా 1,277 వస్తుంది. కూలినదే పై స్థానంలో ఉంటుంది! మా శాఖలో కల్వర్టు అలా కట్టి ఉంటే విజిలెన్సు వాళ్లు ఇంటికి వచ్చేవాళ్లు. పూర్తి బరువు మోసిన తర్వాత కూడా చెక్కుచెదరని టవర్‌ను చూసి పిల్లలు "అయ్యో, ఇంకో గ్రాము తీసేసి ఉండాల్సింది" అనుకుంటారు. ఎంత ఎక్కువ వేశామో కొలవడం మాకు ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు. సిమెంటు ఎక్కువ వేయడమే భద్రత అనుకునేవాళ్లం.

మిగతా రెండు అంశాల గురించి క్లుప్తంగా చెబుతాను. డిసీజ్ డిటెక్టివ్స్‌లో రోగాలు ఎలా వ్యాపించాయో ఆరా తీయాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దీనికి అండ. 1854లో లండన్‌లో కలరాకు మూలం బ్రాడ్ స్ట్రీట్ బోరింగు పంపేనని జాన్ స్నో కనిపెట్టిన కథతో చదువు మొదలైంది. ఒక పెళ్లి భోజనం తిని మా బంధువులు మంచం పట్టిన సంగతి నేను ఊరికే చెబితే, మనవరాలు కాగితం తీసి "పెరుగు వడ తిన్నవాళ్లలో ఎందరికి వచ్చింది? తిననివాళ్లలో ఎందరికి?" అని కూర్చుంది. తినని మనిషి ఒక్కడూ లేడని చెప్పాక వదిలేసింది.

రైట్ ఇట్ డు ఇట్ చూడటానికి ఆటలా ఉంటుంది. ఒకరు ఒక వస్తువును చూసి మాటల్లో రాయాలి, బొమ్మ గీయకూడదు. వేరే గదిలో ఉన్న భాగస్వామి ఆ కాగితం ఒక్కటే చదివి అదే వస్తువును కట్టాలి. ఇంట్లో సాధనకు నన్ను కట్టేవాడిగా నియమించింది. పళ్లు కుట్టుకునే పుల్లలు, హ్యాండిల్ ఉన్న కాగితపు గ్లాసులు, దారం ఇచ్చింది. "దారం ఎడమవైపు" అని రాసింది. ఎవరి ఎడమ? గ్లాసు హ్యాండిల్ ఎటు ఉన్నప్పుడు ఎడమ? మా మధ్య జరిగిన వాదన వంటింట్లో ఉన్న మా అమ్మాయికి వినపడింది. ఆ తర్వాత కాగితాల్లో మొదటి వాక్యం ఎప్పుడూ "హ్యాండిల్ నీ పొట్ట వైపు పెట్టుకో" అనే మొదలయ్యేది. సైటుకు ఫోను చేసి మేస్త్రీకి పని పురమాయించిన ఎవరికైనా ఈ పోటీ విలువ తెలుస్తుంది.

ఇప్పుడు కోసిన నక్షత్రం సంగతి. ఎంపిక జాబితా తలుపుకు అంటించారు. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఏ కారణంతో రెండో జట్టులో వేశారో చెప్పలేదు. అడిగితే "వచ్చే ఏడాది ప్రయత్నించండి" అన్నారు. పద్నాలుగేళ్ల పిల్లలకు ఆ మాట చాలదు. రెండో జట్టు వాళ్లకు పెద్ద ఇన్విటేషనల్స్, అంటే జట్లను ఆహ్వానించి పెట్టే సన్నాహక పోటీలు, దక్కవు, ఇంట్లో చేసిన సాధన ఇంట్లోనే ఉండిపోతుంది. శనివారం పోటీ అంటే తెల్లవారకముందే బయలుదేరాలి, బహుమతులు ఇచ్చేసరికి చీకటి పడుతుంది. అంశానికి సుమారు 50 నిమిషాలు, మధ్యలో గంటల కొద్దీ ఖాళీ. ఇన్విటేషనల్స్‌ను చాలాచోట్ల విశ్వవిద్యాలయ విద్యార్థులే నడుపుతారు. ప్రిన్స్‌టన్, ఎంఐటీ విద్యార్థులు నిర్వహించే పోటీలకు మంచి పేరుంది. అన్నీ అలా ఉండవు. మేము వెళ్లిన ఒకచోట ఇసుక తడిసి ఉంది. తడి ఇసుక ధారగా పడదు, ముద్దలుగా పడుతుంది. ఒక్కో ముద్ద పడినప్పుడల్లా బకెట్టు ఊగుతుంది, ఊగినప్పుడల్లా నా గుండె ఊగింది. ప్రేక్షకుల గీత దాటి వెళ్లి ఇసుక జల్లించి ఇద్దామని ఉంది, కానీ గీత గీతే. పిల్లలు మాత్రం కంగారుపడకుండా మెత్తటి చివర్లున్న కర్రలతో బకెట్టును నిలబెట్టుకుని పని ముగించారు.

చేరబోయేవాళ్లకు ఒక మాట. నిబంధనల పుస్తకం ప్రతి సెప్టెంబరులో కొత్తది వస్తుంది, సంస్థ వెబ్‌సైటులో ఉచితం. అంశాలు మారుతుంటాయి, నిరుటి టవర్ ఈసారి గోడకు వేలాడే బూమిలీవర్ అనే కట్టడం కావచ్చు. అందుకే ముందు పుస్తకం చదివి, తర్వాత కర్రలు కొనండి. కంటికి పెట్టుకునే గాగుల్స్ ఏ అంశానికి ఏ రకం కావాలో కూడా అందులోనే ఉంటుంది. తప్పు రకం తీసుకువెళితే గది గుమ్మం దగ్గరే ఆపేస్తారు. గ్రాములో నూరో వంతు చూపే తూకం యంత్రం మా ఇంట్లో ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల పిల్లలు ఎవరికైనా కావాలంటే వచ్చి వాడుకోవచ్చు. బ్యాటరీలు మాత్రం మీరే తెచ్చుకోవాలి, శనివారం మేము ఇంట్లో ఉండం.