బొంత ముక్కలు: ముందే కోసి పెట్టుకోవాలా, కుట్టేటప్పుడు కోసుకోవాలా?

జాకెట్లు, లంగాలు కుట్టగా మిగిలిన ముక్కలతో సంచి నిండిపోయాక వచ్చే సందేహమే ఇది.

ఖర్చు: ముందే కోసేవాళ్లకు గుండ్రటి బ్లేడు కట్టర్, కోసేటప్పుడు గుడ్డ కింద పరిచే మ్యాట్, స్కేలు ఉంటే పని సాగుతుంది. అప్పటికప్పుడు కోసేవాళ్లకు పదునైన కత్తెర, అట్టతో చేసిన అచ్చు చాలు.

శ్రమ: ముందే కోస్తే ఒక మధ్యాహ్నమంతా పోతుంది, ఆ తర్వాత మిషను ముందు చెయ్యి ఆగదు. రెండోదాంట్లో ప్రతిసారీ సంచి బోర్లించాలి, ఇస్త్రీ పెట్టాలి.

నష్టం: అసలు చిక్కంతా ఇక్కడే. కుట్టుకు ప్రతి వైపూ పావు అంగుళం పోతుంది. 2.5 అంగుళాల చదరం కుట్టాక 2 అంగుళాలే మిగులుతుంది. 40×60 అంగుళాల పిల్లల బొంతకు అలాంటివి 600 కావాలి! 5 అంగుళాలవైతే వరుసకు 9 చొప్పున 13 వరుసలు, అంటే 117తో దాదాపు ఆ కొలతే వస్తుంది. అన్నీ చిన్నవిగా కోసేశాక మనసు మారితే చేసేదేం లేదు. కలంకారీ నెమలిని మెడ దగ్గర తెగ్గోసుకున్నాక నాకది తెలిసొచ్చింది.

సర్దడం: కోసినవి కొలతల వారీగా డబ్బాల్లో, కోయనివి రంగుల వారీగా సంచుల్లో. పట్టు ముక్కల అంచులు పీచు లేస్తాయి, వాటిని కోసి నిల్వ పెట్టకండి.

ఒకే రకం నూలు ముక్కలు బోలెడుంటే, నెలకో బొంత కుడుతుంటే ముందే కోయండి. పెద్ద డిజైన్లు, పట్టు, అమ్మ పాత చీర అయితే కత్తెర పక్కన పెట్టి, ముందు బొంత నమూనా కాగితం మీద గీసుకోండి.