తుపాను కాలానికి హ్యామ్ క్లబ్ ఏం కొనాలి: కొండ మీద రిపీటరా, సంచిలో హెచ్‌ఎఫ్ సెట్టా?

బంగాళాఖాతంలో తుపాన్లకు ఏటా రెండు కాలాలు. ఏప్రిల్, మే నెలలు ఒకటి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండోది. మన కోస్తాను ఎక్కువగా కుదిపేసినవి రెండో కాలంలో వచ్చినవే: 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2023 డిసెంబరు 5న మిగ్‌జాం. అందువల్ల తీరంలోని హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో) క్లబ్ ఏదైనా సరే, సెప్టెంబరు లోపే సర్దుకోవాలి. క్లబ్ అంటే మామూలుగా కొద్దిమంది సభ్యులు, చందాలతో పోగైన కాస్త డబ్బు, కొన్ని ఆదివారాలు. ఈ మూడింటినీ దేనికి ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న. కొండ మీద రిపీటర్ (చిన్న సెట్ల మాటను అందుకుని ఇంకా దూరానికి తిరిగి పంపే యంత్రం) పెట్టి అందరూ వాకీటాకీలు కొనుక్కోవడమా? ఒక మంచి హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్టు, బ్యాటరీ, తీగ యాంటెన్నా సిద్ధంగా ఉంచుకోవడమా? ఈ తంటా అంతా ఎందుకు, ఒక శాటిలైట్ ఫోను చాలదా అనేవారూ ఉంటారు.

నా ఓటు హెచ్‌ఎఫ్‌కే. అయితే విశాఖలో ఉన్నవారు, కోనసీమలో ఉన్నవారు దీన్ని ఒకేలా అమలు చేయలేరు.

రిపీటర్ మీద మోజు

రిపీటర్ మీద ఇష్టం ఎందుకు కలుగుతుందో తెలియనిది కాదు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే 5 వాట్ల వాకీటాకీ పట్టణంలో వీధి నుంచి వీధికి రెండు మూడు కిలోమీటర్లు అందితే గొప్ప. ఆ తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరే పోతాయి. మేడలు, చెట్లు అడ్డొస్తే అంతకన్నా తగ్గుతుంది. అదే 300 మీటర్ల కొండ మీద రిపీటర్ ఉంటే లెక్క ప్రకారం 75 కిలోమీటర్ల దాకా చేతిలోని చిన్న సెట్టే పలుకుతుంది. కొత్తగా లైసెన్సు వచ్చినవారు మొదటి రోజే పది మందితో మాట్లాడగలుగుతారు. రోజూ మాట్లాడుకునే చోటు లేని క్లబ్ ఏడాది తిరగకుండానే కాగితాలకే మిగిలిపోతుంది కాబట్టి, ఇదేమీ చిన్న లాభం కాదు.

విశాఖలో కొండలు ఊరి మధ్యలోనే ఉన్నాయి. కాని తుపాను గాలి ముందు తగిలేదీ ఆ కొండలకే. హుద్‌హుద్ నాడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలికి కైలాసగిరి మీద వాతావరణ శాఖ పెట్టిన డాప్లర్ రాడారే దెబ్బతింది. ప్రభుత్వం కట్టిన రాడారు తట్టుకోలేని చోట క్లబ్ చందాలతో నిలబెట్టిన ఇనుప గొట్టం నిలుస్తుందనుకోవడం ఆశే. ఒకవేళ నిలిచిందనుకుందాం. కరెంటు పోతుంది. బ్యాటరీ ఒకటి రెండు రోజులు లాగుతుంది. ఆ తర్వాత చెట్లు కూలిన ఘాట్ రోడ్డు మీద పైకి వెళ్లి బ్యాటరీ మార్చేదెవరు? రిపీటర్ మూగబోయిన క్షణం నుంచి ఊళ్లోని సెట్లన్నీ మళ్లీ రెండు మూడు కిలోమీటర్లకు పరిమితం. అందరి గొంతూ ఒకే చోట కట్టిపెట్టడంలోని ప్రమాదం ఇదే.

కోనసీమలోనో, కృష్ణా డెల్టాలోనో ఈ చర్చ ఇంకా చిన్నది. అక్కడ కొండ లేదు. 30 మీటర్ల టవర్ కట్టినా చేతి సెట్టుకు పాతిక కిలోమీటర్ల మేరే అందుతుంది. పైగా పెను గాలికి ముందు ఒరిగేది టవరే. డెల్టా క్లబ్బులు రిపీటర్ మాట మరిచిపోతే మంచిదని నా ఉద్దేశం.

చుట్ట చుట్టి దాచుకునే యాంటెన్నా

హెచ్‌ఎఫ్ దారి వేరు. 7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాన్ని నిట్టనిలువుగా పైకి పంపితే అయనావరణం (ఆకాశంలో చాలా ఎత్తున ఉండే విద్యుదావేశ పొర) దాన్ని కిందికి తిప్పి కొడుతుంది. తిరిగివచ్చిన తరంగం చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర మధ్యలో ఖాళీ లేకుండా పరుచుకుంటుంది. అమలాపురంలో కూర్చుని విజయవాడతో, విశాఖతో, హైదరాబాదుతో మాట్లాడవచ్చు. మధ్యలో టవర్ లేదు, కొండ లేదు, ఇంటర్నెట్ లేదు.

దీనికి కావలసిన యాంటెన్నా చూసి కొత్తవారు నవ్వుతారు: చెరో పది మీటర్ల పొడవున్న రెండు రాగి తీగలు, మధ్యలో కేబులు. ఎత్తు ఎక్కువ అక్కర్లేదు. దగ్గరి ఊళ్లతో మాట్లాడడానికి మూడు నాలుగు మీటర్ల ఎత్తు చాలు. రెండు వెదురు గడలైనా, తల విరిగిన కొబ్బరి మొద్దులైనా పనికొస్తాయి. అన్నిటికన్నా నాకు నచ్చేది ఇది: గాలి రాకముందే దాన్ని దించి, చుట్ట చుట్టి, సెట్టుతో పాటు సంచిలో వేసుకుని పక్కా భవనంలోకి వెళ్లిపోవచ్చు. గాలి తగ్గాక అరగంటలో మళ్లీ కట్టవచ్చు. తుపానును ఎదిరించి నిలబడాల్సిన వస్తువే ఇందులో లేదు. తుపాను మీదున్నప్పుడు, మెరుపులు మెరుస్తున్నప్పుడు యాంటెన్నా కట్టుకుని కూర్చోవాలనే ఉత్సాహం కొందరిలో కనిపిస్తుంది. అది వద్దు. హ్యామ్‌కు పని మొదలయ్యేది గాలి వెళ్లిపోయిన తర్వాతే.

ఇబ్బందులు లేవని కాదు. తెల్లవారుజామున 7 మెగాహెర్ట్జ్ తరంగం తిరిగి రాకుండా పైకే పోవచ్చు. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలి. తీగ పొడవు రెట్టింపవుతుంది, ఉరుముల గరగర చెవులు చిల్లులు పొడుస్తుంది. అయితే మామూలు రోజుల్లో ఊళ్లోని ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, చార్జర్లు కలిసి చేసే రొద తుపాను మర్నాడు ఉండదు. కరెంటు లేని ఊళ్లో బ్యాండ్ ఎంత శుభ్రంగా వినిపిస్తుందో ఒకసారి వింటే తెలుస్తుంది!

విద్యుత్తు విషయంలో కాగితం మీద లెక్క వేసుకోవాలి. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, వింటున్నప్పుడు ఒక ఆంపియరు చాలు. మన ఇళ్లలోని 150 ఆంపియర్-గంటల ఇన్వర్టర్ బ్యాటరీని సగం వరకే వాడుకున్నా, తక్కువ మాట్లాడి ఎక్కువ వింటే ఒకటిన్నర రోజు నడుస్తుంది. శక్తిని 25 వాట్లకు తగ్గిస్తే ఇంకాస్త వస్తుంది. సోలార్ పలకను నమ్ముకుంటే మొదటి రెండు రోజులు మబ్బే దక్కవచ్చు.

ధర మాత్రం గట్టిదే. వాకీటాకీ కొన్ని వేలల్లో వస్తుంది. కొత్త హెచ్‌ఎఫ్ సెట్టు లక్ష దాటవచ్చు. అందుకే క్లబ్‌కు ఒకటి చాలంటాను, మనిషికొకటి కాదు.

హెచ్‌ఎఫ్ విలువ ఏమిటో 2004 డిసెంబరు చూపించింది. హ్యామ్ భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచవ్యాప్తంగా హ్యామ్‌లతో మాట్లాడుతూ సరదా యాత్రలో ఉంది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన ఆ దీవుల నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి ప్రధాన భూభాగానికి వార్తలు చేర్చింది ఆ సరదా సెట్లే. అక్కడ ఎంత మంచి రిపీటర్ ఉన్నా ఆ పని అయ్యేది కాదు.

శాటిలైట్ ఫోను, మొబైలు

శాటిలైట్ ఫోను మీద నాకు చిన్నచూపు లేదు. అది వాడే తరంగాలను వాన పెద్దగా అడ్డుకోదు. ఆకాశం కనిపిస్తే పలుకుతుంది, నేర్చుకోవాల్సిందీ తక్కువ. కాని మన దేశంలో దాన్ని దుకాణంలో కొని జేబులో వేసుకోలేం. టెలికాం శాఖ అనుమతి తప్పనిసరి, నిమిషాల లెక్కన ఖర్చు. పైగా అది ఒకరు ఒకరితో మాట్లాడే సాధనం. రేడియో నెట్‌లో, అంటే అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా మాట్లాడుకునే చోట, ఒక మండలం నుంచి వచ్చిన కబురు మిగతా మండలాల వారూ వింటారు, వంతెన తెగిందన్న మాట మళ్లీ పది మందికి చెప్పక్కర్లేదు. శాటిలైట్ ఫోను కలెక్టరు కార్యాలయంలో ఉండాల్సిన వస్తువు. క్లబ్ కొనాల్సింది కాదు.

మొబైల్ కంపెనీలు ఇప్పుడు మునుపటికన్నా త్వరగా తేరుకుంటున్నాయి. వాహనాల మీద టవర్లు తెస్తున్నారు, ఒక కంపెనీ సిగ్నల్ పోతే ఇంకో కంపెనీది వాడుకునేలా టెలికాం శాఖ ఆదేశాలిస్తోంది. కాబట్టి హ్యామ్‌ల అవసరం వారాల తరబడి ఉండదు. టవర్ బ్యాటరీలు అయిపోయి, డీజిల్ బండి వచ్చే దారి తెరుచుకోని ఆ మొదటి రెండు మూడు రోజులే వారివి.

ఊళ్లో మాట్లాడుకోవడానికి

హెచ్‌ఎఫ్ జిల్లాను బయటికి కలుపుతుంది, సరే. పునరావాస కేంద్రానికీ మండల కార్యాలయానికీ మధ్య మాటో? దానికి వాకీటాకీలు కావాలి, రిపీటర్ లేకుండానే. ముందుగా ఒప్పుకున్న ఒక ఫ్రీక్వెన్సీలో నేరుగా మాట్లాడాలి. ఇక్కడ ఎత్తే ఆయువుపట్టు. నేల మీద నిలబడ్డ మనిషికి అందనిది తుపాను షెల్టర్ డాబా మీదికెక్కితే అందుతుంది. చేతి సెట్టుకు బదులు రెండు చోట్లా తొమ్మిది మీటర్ల గడ కట్టి దాని కొసన చిన్న యాంటెన్నా పెడితే, డెల్టా లాంటి చదును నేలలో 25 కిలోమీటర్లు లెక్కకు వస్తుంది. గాలి వచ్చేముందు ఈ గడనూ పడుకోబెట్టవచ్చు. కోనసీమలో రిపీటర్‌కు బదులు నేను చెప్పేది ఇదే. విశాఖలో ఇప్పటికే రిపీటర్ ఉంటే వాడుకోండి, కాని నెలలో ఒక ఆదివారం దాన్ని ఆపేసి నెట్ నడపండి. ఎవరికి ఎవరు వినిపిస్తారో, మధ్యలో ఎవరు అందుకుని చేరవేయాలో ఆ రోజే తెలుస్తుంది.

ఆదివారాలు దేనికి?

కాంటెస్టులకా (తక్కువ సమయంలో ఎక్కువ స్టేషన్లతో మాట్లాడే పోటీలు), బయట కట్టి నడిపే కార్యక్రమాలకా అన్న వాదన కూడా ఉంది. కాంటెస్టు చెవికి పదును పెడుతుంది, హోరులో కాల్‌సైన్ (ఒక్కో హ్యామ్‌కు ఇచ్చే గుర్తింపు పేరు) పట్టుకోవడం నేర్పుతుంది. కాని అది ఇంట్లో, కరెంటు మీద, స్థిరంగా కట్టిన యాంటెన్నాతో. తుపానుకు అక్కరకొచ్చేది ఆగస్టు మూడో వారాంతంలో హ్యామ్‌లు లైట్‌హౌసుల దగ్గర సెట్లు పెట్టి నడిపే అంతర్జాతీయ లైట్‌హౌస్ కార్యక్రమం. మన తీరానికి లైట్‌హౌసుల కొదవ లేదు: భీమునిపట్నం, అంతర్వేది, కళింగపట్నం. ముందుగా అనుమతి తీసుకుని అక్కడికి సంచి మోసుకెళ్లి, ఉప్పు గాలిలో తీగ కట్టి, బ్యాటరీ మీద రోజంతా నడిపితే ఏ కనెక్టర్ వదులైందో, ఏ కేబులు పనికిరాదో తుపానుకు రెండు నెలల ముందే బయటపడుతుంది. అక్టోబరు మూడో వారాంతంలో స్కౌట్లు రేడియోలో మాట్లాడుకునే జాంబోరీ ఉంటుంది. పిల్లలకు రేడియో పరిచయం చేయడానికి మంచిదే, కాని ఏర్పాట్లకు అప్పటికే ఆలస్యం.

అసలు సాధన చేయాల్సింది సందేశం రాసుకోవడం. ‘‘అక్కడ అంతా బాగానే ఉందట’’ అన్న కబురు ఎవరికీ పనికిరాదు. సందేశానికి నంబరు, సమయం, పంపినవారు, చేరాల్సినవారు, విషయం ఉండాలి. విన్నవారు తిరిగి చదివి వినిపించాలి. మన దగ్గర ఇంకో చిక్కుంది. కొత్తపేటలు ఎన్ని, రామచంద్రపురాలు ఎన్ని! మండలం, జిల్లా చెప్పకుండా ఊరి పేరు పంపితే మందుల బండి ఇంకో ఊరికి చేరుతుంది. ఇంటిపేర్లు అక్షరం అక్షరం పలికే అలవాటు కూడా ముందే కావాలి. ఈ పనికి ఖరీదైన సెట్టేదీ అక్కర్లేదు, వారానికి ఒక సాయంత్రం నెట్, ఒక నోటుబుక్కు చాలు.

ఇవన్నీ లైసెన్సు ఉన్నవారికే. 12 ఏళ్లు నిండినవారు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు శ్రేణులు. మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) పరీక్ష జనరల్‌కే. కాల్‌సైన్ రిస్ట్రిక్టెడ్‌కు వీయూ3తో, జనరల్‌కు వీయూ2తో మొదలవుతుంది. హైదరాబాదులో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ శిక్షణ ఇస్తుంది. తుపాను నాడు లైసెన్సు లేని వాలంటీరు చేతికి వాకీటాకీ ఇచ్చి పంపడం సేవ అనిపించుకోదు. పరీక్షకూ లైసెన్సు చేతికి రావడానికీ మధ్య సమయం పడుతుంది. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే వరుస ఇలా ఉండాలంటాను: ముందు పరీక్ష ఫీజులు, తర్వాత ఒక హెచ్‌ఎఫ్ సెట్టు, బ్యాటరీ, తీగ, ఆ తర్వాత నాలుగైదు వాకీటాకీలు, రెండు గడ యాంటెన్నాలు. ఇంకా మిగిలితే, ఊళ్లో కొండ కూడా ఉంటే, అప్పుడు రిపీటర్ మాట ఎత్తవచ్చు.