మౌంట్ సిఐఎఫ్ఎస్: పాస్‌వర్డ్ దగ్గర ఎంత నమ్మొచ్చు?

హిమాయత్‌నగర్‌లో ఓ ఆడిటర్ గారి ఆఫీసుకు కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. అక్కడి విండోస్ షేర్‌ను (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్‌ను) ఉబుంటు లినక్స్ మెషీన్లకు కలపడానికి, అంటే మౌంట్ చేయడానికి, సిఐఎఫ్ఎస్-యుటిల్స్ ప్యాకేజీలోని మౌంట్ సిఐఎఫ్ఎస్ కమాండ్ వాడుతున్నాం. పైసా ఖర్చు లేదు, స్పీడుకు వంక పెట్టలేను. నా టెన్షనల్లా పాస్‌వర్డే. అందుకే ఉత్తుత్తి యూజర్ ఒకటి పెట్టి, పాస్‌వర్డ్ మధ్యలో కావాలనే కామా ఇరికించి చూశాను.

మౌంట్ కమాండ్‌లోనే పాస్‌వర్డ్ ఇస్తే కామా దగ్గర తెగిపోతుంది. మిగతా ముక్కను ఇంకో ఆప్షన్ అనుకుంటుంది. అదే పాస్‌వర్డ్‌ను అది అడిగినప్పుడు టైపు చేస్తే చక్కగా తీసుకుంది. క్రెడెన్షియల్స్ ఫైలులో (లాగిన్ వివరాలు విడిగా రాసి పెట్టే ఫైలు) పెట్టినా అంతే. అసలు కమాండ్‌లో రాయనే కూడదు, షెల్ హిస్టరీలో, అంటే మనం టైపు చేసిన కమాండ్ల జాబితాలో, పడి ఉంటుంది. ఏవేం మౌంట్ చేయాలో రాసిపెట్టే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో రాస్తే ఇంకా ఘోరం, మామూలుగా ఆ మెషీన్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా దాన్ని చదవొచ్చు. క్రెడెన్షియల్స్ ఫైలులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరో లైనులో రాసి, ఓనర్ రూట్ (అడ్మిన్ యూజర్), పర్మిషన్ 600 (ఓనర్ మాత్రమే చదవగలిగేలా) పెట్టండి. మౌంట్ అయ్యాక, మౌంట్ అయినవాటి జాబితా ఉండే ప్రాక్ మౌంట్స్‌లో వెతికాను: యూజర్ పేరుంది, పాస్‌వర్డ్ లేదు. ఇక్కడ మాత్రం మార్కులు వేయాల్సిందే.

ఒళ్లు మండేది ఎర్రర్ దగ్గర. పాస్‌వర్డ్ తప్పైనా, షేర్‌లో మనకు అనుమతి లేకపోయినా అదే ఎర్రర్ నంబర్ 13, 'పర్మిషన్ డినైడ్'. కెర్నల్ లాగ్ (సిస్టమ్ లోపల రాసుకునే రికార్డు) తెరిస్తే గానీ లాగాన్ ఫెయిల్యూర్, అంటే లాగిన్ విఫలం, అని తేలదు. "అన్నా, నా ఫోల్డర్ రావట్లే" అంటూ ఆర్టికల్స్ (సీఏ ట్రైనింగ్) చేసే కుర్రాడు నెత్తిన నిలబడితే ఆ వెతుకులాటకు ఓపిక ఎక్కడిది! రిటర్నుల సీజన్లో మరీను. అయిదుకు మూడున్నర స్టార్లు.