ప్రూఫులు దిద్దేవాడి కళ్లతో ల్యాప్‌టాప్ స్క్రీన్లు

నా పని తెలుగు ప్రూఫులు దిద్దడం. పాఠ్యపుస్తకాలు, ఆత్మకథలు, సావనీర్లు, సీజన్‌లో పెళ్లిపత్రికలు కూడా వస్తాయి. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ల్యాప్‌టాప్ ముందే కాబట్టి, అందులో ప్రాసెసర్ ఏ తరానిదో నాకు సరిగా గుర్తుండదు గానీ స్క్రీన్ గురించి అడిగితే మాత్రం గంటసేపు చెప్పగలను. ఇప్పటిదాకా మూడు రకాల స్క్రీన్ల మీద ఏళ్ల తరబడి పనిచేశాను: 15.6 అంగుళాల టీఎన్ ప్యానెల్ (పాతరకం చవక ఎల్‌సీడీ తెర), అదే సైజులో ఫుల్ హెచ్‌డీ (1920 × 1080) ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఎల్‌సీడీ), ఇప్పుడు వాడుతున్న 14 అంగుళాల 16:10 (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 10) ఐపీఎస్. మా అమ్మాయిది ఓలెడ్ ల్యాప్‌టాప్, అంటే తెర మీద ప్రతి చుక్కా తానే వెలిగే రకం. తను ఇంట్లో ఉన్నప్పుడు దాన్నీ వదిలిపెట్టను. బ్రాండ్ల పేర్లు రాయడం లేదు. ఒకే కంపెనీలో కళ్లకు హాయిగా ఉండే స్క్రీనూ ఉంటుంది, పదిహేను నిమిషాలకే తలనొప్పి తెప్పించే స్క్రీనూ ఉంటుంది. పేరు చూసి కొంటే ఒరిగేదేమీ లేదు.

ర్యామ్ చాలకపోతే చాలా మోడళ్లలో తర్వాత వేయించుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. స్క్రీన్ మార్చడం అంత తేలిక కాదు, చాలామందికి ఏది వచ్చిందో దానితోనే కాపురం. అయినా షాపుల్లో ల్యాప్‌టాప్ పక్కన పెట్టే కాగితం మీద ర్యామ్, స్టోరేజి పెద్దక్షరాల్లో ఉంటాయి, స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి ‘ఫుల్ హెచ్‌డీ’ అని రాసి ఊరుకుంటారు.

మొదటి ల్యాప్‌టాప్‌లో రిజల్యూషన్ 1366 × 768, అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు (తెర మీది వెలుగు చుక్కలు). 15.6 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 100 పిక్సెళ్లు. ఇంగ్లీషు మెయిళ్లు చదువుకునేవాళ్లకు అది సరిపోయేది. తెలుగుకు అది ఎంత తక్కువో ప్రూఫులు దిద్దేవాళ్లకే తెలుస్తుంది. ‘ర’ మధ్యలో చుక్క పడితే ‘ఠ’ అవుతుంది. ఆ చుక్క ఒకటి రెండు పిక్సెళ్ల పాటి కూడా లేకపోతే ‘పాఠం’ కాస్తా ‘పారం’లా కనబడుతుంది. ద, ధల తేడా కింద ఉండే చిన్న గీతలోనే ఉంది. ‘కి’ని ‘కీ’ చేసేది పైన ఒక చిన్న మెలిక. ఇక ‘స్వాతంత్ర్యం’లో త కింద రెండు వత్తులు ఇరుక్కుని నల్లటి మచ్చలా తయారవుతాయి. అంచేత పేజీని 200 శాతం జూమ్ చేసి, లైనులో సగం చదివి పక్కకు జరిపి మిగతా సగం చదవాల్సి వచ్చేది. అలా జరిపే చోటే కళ్లు ఒక లైను దాటేస్తాయి, తప్పులూ అక్కడే మిగిలిపోతాయి.

టీఎన్ ప్యానెళ్లకు ఇంకో జబ్బు ఉంది. ఎదురుగా కూర్చుని చూస్తేనే రంగులు రంగుల్లా ఉంటాయి. కాస్త పైనుంచి చూస్తే వెలిసిపోతాయి, కిందినుంచి చూస్తే నల్లబడతాయి. పీడీఎఫ్‌లో ఎవరైనా లేత పసుపు రంగుతో గుర్తుపెట్టి పంపితే, మూత ముందుకూ వెనక్కూ వంచితే గానీ అది కనబడేది కాదు. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లలో టీఎన్ తగ్గిపోయింది గానీ బాగా చవక మోడళ్లలో ఇంకా తగులుతోంది. ఐపీఎస్ అని స్పష్టంగా రాసి లేకపోతే అడిగి తెలుసుకోండి.

ఆ స్క్రీన్‌నే తర్వాత సికింద్రాబాద్ సీటీసీలో మార్పించాను. ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ సంగతి హైదరాబాద్‌లో కంప్యూటర్ రిపేరు చేయించుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కుర్రాడు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ ఊడదీసి, ప్యానెల్ వెనక నంబరు చూసి, 30 పిన్నుల కనెక్టరే కాబట్టి ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ పడుతుందన్నాడు. పట్టింది, కాకపోతే లోపలి కేబుల్ కూడా మార్చాల్సి వచ్చింది. కాబట్టి మార్చడం అసాధ్యమేమీ కాదు. అయితే ప్యానెల్, కేబుల్, మజూరీ అన్నీ కలిపి ఇచ్చిన డబ్బుకి, కొనేటప్పుడే ఒక మెట్టు పై మోడల్ వచ్చేదనిపించింది.

1920 × 1080 అయ్యాక అంగుళానికి 141 పిక్సెళ్లు. వత్తులు విడివిడిగా కనబడ్డాయి, 125 శాతం జూమ్‌లో లైను మొత్తం ఒకేసారి చదవగలిగాను. మొదటి వారం పండగలా ఉంది. తర్వాత అసలు లోటు బయటపడింది. ఆ ప్యానెల్ 250 నిట్స్. నిట్స్ అంటే స్క్రీన్ వెలుతురు కొలత. ట్యూబ్‌లైటు వేసిన గదిలో 250 బాగానే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి, ఉక్క భరించలేక కిటికీ పక్కకో బాల్కనీలోకో వెళ్తే మాత్రం ఆ స్క్రీన్ మీద అక్షరాల కన్నా నా చొక్కా గళ్లే బాగా కనబడేవి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే బ్యాటరీ తొందరగా ఖాళీ అవుతుంది. కరెంటు లేనప్పుడే దాంతో అవసరం ఎక్కువ.

రంగుల విషయం కూడా అంతే. ఆ ప్యానెల్ వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ (టీవీల కాలం నాటి రంగుల కొలత) అని ఉంటుంది. మామూలుగా వెబ్ మీద, ఫొటోల్లో వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో చూపించగలిగేది 60 శాతం పైచిలుకు మాత్రమే అన్నమాట. లోపలి పేజీలు నలుపు తెలుపే కాబట్టి దిద్దుబాటుకి అడ్డు రాలేదు. పెళ్లిపత్రికల దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాను. నా స్క్రీన్ మీద కుంకుమ రంగు ఇటుక రంగులా ఉండేది, పెళ్లివారి ఫోన్‌లో అదే ఫైలు ఎర్రగా మెరిసిపోయేది. ‘ఎరుపు ఎక్కువైంది, తగ్గించండి’ అని వాళ్లంటారు, ‘ఇంకా ఏం తగ్గించాలండీ’ అని నేను. చివరికి రంగుల మాటొస్తే ఫోన్‌లో చూసి చెప్పడం అలవాటు చేసుకున్నాను. డిజైన్, ఫొటోలు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు వంద శాతం ఎస్‌ఆర్‌జీబీకి తగ్గొద్దు. అకౌంట్లు, కోడింగ్, రాతపని చేసుకునేవాళ్లు దీనికోసం అప్పు చేయనక్కర్లేదు.

ఇప్పటి ల్యాప్‌టాప్ 14 అంగుళాలు, 1920 × 1200, 400 నిట్స్, మ్యాట్ (అద్దంలా మెరవని) స్క్రీన్. 15.6 నుంచి 14కి దిగుతుంటే ‘పేజీ చిన్నదైపోదూ’ అని ఇంట్లో అందరూ అన్నారు. లెక్క వేసి చూపించాను. 15.6 అంగుళాల 16:9 స్క్రీన్ ఎత్తు 7.6 అంగుళాల పైన కొంచెం. 14 అంగుళాల 16:10 స్క్రీన్ ఎత్తు 7.4. తగ్గింది దాదాపు అంతా వెడల్పే. చదివే పనికి కావాల్సింది ఎత్తు, పక్కల ఖాళీ కాదు. పైగా 1080 బదులు 1200 వరసల పిక్సెళ్లు కాబట్టి పేజీ కింద ఇంకో రెండు మూడు లైన్లు కనబడతాయి. ఎక్సెల్‌లో అడ్డంగా బోలెడు గడులు తెరుచుకుని పనిచేసేవాళ్లకు నా లెక్క పనికిరాదు. వాళ్లు 16 అంగుళాల 16:10 చూసుకోవాలి. వెడల్పు పాత 15.6 అంతే ఉంటుంది, ఎత్తు ముప్పాతిక అంగుళానికి పైగా పెరుగుతుంది.

అంగుళానికి దాదాపు 162 పిక్సెళ్లు వచ్చాక తెలుగు ఫాంట్లతో నాకు పేచీ రాలేదు. విండోస్ స్కేలింగ్ (అక్షరాలు, మెనూలు పెద్దవి చేసి చూపించే సెట్టింగ్) 125 శాతం పెట్టుకున్నాను. వెలుతురు సంగతికొస్తే, 400 నిట్స్ ఉన్నంత మాత్రాన ఎండలో కూర్చోలేం. నీడపట్టున, కిటికీ పక్కన, రైల్లో పగటిపూట ఇబ్బంది లేదు. 300 నిట్స్ కనీసం అనుకుని వెతకండి. వివరాల్లో నిట్స్ ఊసే లేకపోతే 250 అనుకోవడమే క్షేమం.

ఇక ఓలెడ్. మా అమ్మాయిది 14 అంగుళాల్లో 2880 × 1800, అంగుళానికి 240 దాటి ఉంటాయి. అక్షరం అచ్చులో చూసినట్టే ఉంటుంది. నలుపు నిజంగా నలుపు, సినిమా చూస్తే మళ్లీ ఐపీఎస్ వైపు చూడబుద్ధి కాదు. అయినా నా పనికి నేను కొనను. ఆ స్క్రీన్ గ్లాసీ, అద్దంలా మెరుస్తుంది. వెనక లైటు ఉంటే లైటు, పైన ఫ్యాను ఉంటే ఫ్యాను అందులో కనబడుతుంది. ముదురు రంగు ముఖచిత్రం మీద ఫ్యాను రెక్కలు తిరుగుతుంటే దాని మీది చిన్న అక్షరాలు ఏం దిద్దుతాం? రెండోది బ్యాటరీ. ఓలెడ్‌లో నల్లటి చోట పిక్సెల్ ఆరిపోతుంది కాబట్టి డార్క్ మోడ్‌లో కరెంటు ఆదా. నాకు రోజంతా తెల్ల పేజీలే, అన్నీ వెలగాల్సిందే. మూడోది, రాత్రిపూట బ్రైట్‌నెస్ తగ్గిస్తే నా కళ్లు లాగుతాయి. చాలా ఓలెడ్ ప్యానెళ్లు వెలుతురు తగ్గించడానికి సెకనుకి కొన్ని వందలసార్లు ఆరి వెలుగుతాయి. ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూస్తే నల్లటి అడ్డపట్టీలు కదులుతూ కనబడతాయి. ఇది అందరినీ ఇబ్బంది పెట్టదు, మా అమ్మాయికి ఏ తేడా తెలియదు. కొనేముందు మీ కళ్లకు పడుతుందో లేదో ఒకసారి చూసుకోండి. ఒకే బొమ్మ గంటల తరబడి ఉంటే మరక పడుతుందన్న భయంతో తను టాస్క్‌బార్ దాచి పెట్టుకుంది. ఇప్పటిదాకా మరకేమీ లేదు.

రిజల్యూషన్ ఎక్కువైతే ఇంకో తలనొప్పి. అంత సన్నటి పిక్సెళ్ల మీద విండోస్ 200 శాతం స్కేలింగ్ పెడుతుంది, అంటే పని చేసుకునే జాగా 1440 × 900 అంతే. నా తక్కువ రిజల్యూషన్ ల్యాప్‌టాప్‌లో 1536 × 960 వస్తోంది. మా డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్), అనూ తెలుగు ఫాంట్ల మీదే బండి నడుస్తోంది. ఆ పాత సాఫ్ట్‌వేర్‌కి ఈ స్కేలింగ్ తెలియదు. 200 శాతంలో తెరిస్తే అంతా మసక, స్కేలింగ్ తీసేస్తే మెనూలు చీమల్లా ఉంటాయి. పాత సాఫ్ట్‌వేర్‌తో పని ఉన్నవాళ్లు 2.8కే (2880 × 1800 లాంటివి), 4కే (3840 × 2160) స్క్రీన్ల జోలికి పోకముందు ఇది గుర్తుంచుకోవాలి.

120, 144 హెర్ట్జ్ (స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క) గురించి పెద్దగా చెప్పను. పేజీ జరుపుతున్నప్పుడు అక్షరాలు చెదరకుండా సాఫీగా కదులుతాయి, బాగుంటుంది. గేములు ఆడేవాళ్లకు అవసరం. మిగతావాళ్లు దానికి పెట్టే డబ్బు నిట్స్ మీద పెట్టడం మేలు. టచ్ స్క్రీన్ కూడా అంతే, నా మట్టుకు వేలిముద్రలు తుడుచుకోవడం తప్ప దానివల్ల లాభం లేదు.

షాపులో కళ్లు చెదిరే లైట్ల కింద, నెమళ్లు, పూలతోటల వీడియోలు తిప్పుతుంటే ఏ స్క్రీనైనా బాగుంటుంది. ఈమధ్య మా బావమరిదికి కొనడానికి వెళ్లినప్పుడు ‘ఇది ఎన్ని నిట్స్ బాబూ’ అని అడిగితే ‘ఫుల్ బ్రైట్‌నెస్ ఉంటుంది సార్’ అన్నాడు సేల్స్ కుర్రాడు. వాదించి లాభం లేదు, మనమే చూసుకోవాలి. నేను పెన్‌డ్రైవ్‌లో 10 పాయింట్ల తెలుగు అక్షరాలున్న పీడీఎఫ్ పేజీ ఒకటి, పూర్తి తెల్ల బొమ్మ ఒకటి, పూర్తి నల్ల బొమ్మ ఒకటి పట్టుకెళ్తాను. పీడీఎఫ్‌ను వంద శాతంలో తెరిచి ‘ఠ’లో చుక్క కనబడుతుందా, కింది వత్తు విడిగా ఉందా చూస్తాను. తెల్ల బొమ్మ పెట్టి లేచి నిలబడి పైనుంచి, పక్కనుంచి చూస్తాను. నల్ల బొమ్మ మీద ఎంత ప్రతిబింబం పడుతోందో చూస్తాను. బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి కూడా చూడాలి. రాత్రి చీకటి గదిలో చదివేవాళ్లకు కొన్ని స్క్రీన్లు ఎంత తగ్గించినా ఇంకా ఎక్కువే అనిపిస్తాయి.

చూసింది నచ్చాక అట్టపెట్టె మీద పూర్తి మోడల్ కోడ్ సరిపోల్చుకోండి. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో చివరి అక్షరాలు మారితే స్క్రీన్ మారిపోవచ్చు: ఒకటి 250 నిట్స్, ఇంకోటి 400. ఆన్‌లైన్‌లో ఇది మరీ ఎక్కువ. అందుకే వాపసు గడువులోపే పై పరీక్షలన్నీ ఇంట్లో చేసేయాలి.

వాడకంలో తేలిన చిన్న విషయం: స్క్రీన్‌కి గీతల కన్నా ఒత్తిడితోనే ముప్పు. ఒకసారి రైల్లో బ్యాగు నిండా పుస్తకాలు కుక్కి పైబెర్తు మీద పడేశాను. దిగి తెరిచేసరికి ఎడమ మూల తెల్లటి చిన్న మచ్చ. తెల్ల పేజీ మీద కనబడదు కాబట్టి నా పనికి అడ్డం లేదు. మూత సన్నగా ఉండి, వేలితో నొక్కితే వంగే మోడళ్లను అప్పట్నుంచి పక్కన పెడుతున్నాను.

ఇంట్లోనే పని అయితే పెద్ద మానిటర్ పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. పెట్టుకోవచ్చు గానీ లెక్క చూడండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 పిక్సెళ్లే. కాస్త దూరంగా కూర్చుంటాం కాబట్టి ఆ తేడా కొంత సర్దుకుంటుంది గానీ, చుక్కలు దిద్దే పనికి దూరంగా కూర్చోవడం కుదరదు. 27 అంగుళాల్లో 2560 × 1440 తీసుకున్నా 109 దగ్గరే ఆగుతుంది. ఇప్పుడున్న ల్యాప్‌టాప్‌తో సమానం కావాలంటే 27 అంగుళాల 4కే కొనాలి. దసరా ఆఫర్లలో దాని ధర ఎంతకు దిగుతుందో చూస్తాను.